ఉద్యోగం మానేసి బ్యాండ్ మీదే బతకొచ్చా? పదహారేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నవాడి జవాబు

ప్రశ్న కాస్త పెద్దది, కాబట్టి నాకు అర్థమైంది ముందు చెప్తాను. మీరు నలుగురు. ఆల్టర్నేటివ్ రాక్ వాయిస్తున్నారు, అన్నీ సొంత పాటలే. మొదలుపెట్టి రెండున్నరేళ్లయింది. పదకొండు పాటలున్నాయి. అందులో ఐదు పాటలతో ఒక ఈపీ (చిన్న ఆల్బమ్) మీ డబ్బుతోనే విడుదల చేశారు. ఇప్పటికి తొమ్మిది షోలయ్యాయి. మీరూ మీ గాయకుడూ ఉద్యోగాలు మానేసి పూర్తిగా బ్యాండ్ మీదే ఉందామనుకుంటున్నారు. డ్రమ్మర్ అవుననడు, కాదనడు. బ్యాండ్ లోపలి జీవితం నిజంగా ఎలా ఉంటుంది, దీని మీద బతకగలమా, డ్రమ్మర్‌ని ఎలా ఒప్పించాలి, చివర్లో వ్యాన్ కొనాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పుడే ఉద్యోగం మానకండి. సొంత పాటలు వాయిస్తూ, ఏ కంపెనీ అండా లేకుండా, కేవలం బ్యాండ్ డబ్బు మీద బతికేవాళ్లు నాకు తెలిసినవాళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. నేనైతే ఒక్క ఏడాది కూడా అలా బతకలేదు. కానీ బ్యాండ్ తన ఖర్చు తానే పెట్టుకునేలా, మీ జేబులకి చిల్లు పడకుండా నడపడం సాధ్యమే. మాది ఆరో ఏట నుంచి అలాగే నడుస్తోంది.

అసలు ఉద్యోగం సంగతికంటే ముందు మీరు నలుగురూ కూర్చుని తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. నేను దగ్గర్నుంచి చూసిన బ్యాండ్లలో పాటలు బాగాలేక విడిపోయింది ఒక్కటీ లేదు. మొహమాటపడి మాట్లాడుకోని విషయాలు పేరుకుపోయి విడిపోయినవే అన్నీ. మాది కూడా రెండుసార్లు ఆ అంచుదాకా వెళ్లి వచ్చింది.

నా సంగతి ఒక ముక్క చెప్పి ముందుకెళ్తాను. పగలు లెక్కలు రాసే ఉద్యోగం, మిగతా సమయంలో బేస్. పదహారేళ్లుగా ఒకటే బ్యాండ్. బ్యాండ్‌లో కూడా లెక్కల పని నా నెత్తినే పడింది. అందుకని ఈ జవాబులో సంగీతంకన్నా లెక్కలే ఎక్కువ కనిపిస్తే ఏమనుకోకండి.

షో ఉన్న రోజు ఎలా గడుస్తుంది

స్టేజి మీద ఉండేది నలభై నిమిషాలు. దానికోసం మధ్యాహ్నం రెండింటికే రిహార్సల్ గదిలో సామాను సర్దడం మొదలవుతుంది. నా బేస్ క్యాబినెట్, అంటే పెద్ద స్పీకర్ పెట్టె, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. దానికి ఒకవైపు హ్యాండిల్ ఊడిపోయి ఏడేళ్లయింది. ఆ ఊడిన వైపు ఎవరు పట్టుకోవాలన్నది మా బ్యాండ్‌లో ఇప్పటికీ తెగని పంచాయితీ. కొత్త హ్యాండిల్ వేయించొచ్చు కదా అంటారా, ప్రతి షో తర్వాతా అనుకుంటాం, ఇంటికెళ్లి మర్చిపోతాం.

నాలుగింటికి షో జరిగే చోట సామాను దించుతాం. సౌండ్‌చెక్, అంటే షోకి ముందు వాయించి శబ్దం సరిచూసుకోవడం, సాధారణంగా తలకిందులుగా జరుగుతుంది. చివర వాయించే పెద్ద బ్యాండ్‌ది మొదట, మొదట వాయించేవాళ్లది ఆఖర్న. అలాగైతే మొదటి బ్యాండ్ సామాను స్టేజి మీద ఎలా ఉన్నది అలాగే ఉంచి షో మొదలుపెట్టేయొచ్చు. కొత్త బ్యాండ్ అంటే మొదట వాయించేదే కాబట్టి మీరు నాలుగింటికి వచ్చి ఆరున్నరదాకా గోడకి ఆనుకుని కూర్చుంటారు. పెద్ద బ్యాండ్ చెక్ సాగిందంటే మీకు మిగిలేది పది నిమిషాలు. ఒక్కోసారి అదీ ఉండదు. ప్రతి మైకూ, ప్రతి కేబులూ మోగుతోందా లేదా చూసి "సరే, కానివ్వండి" అంటారు. దీన్నే లైన్‌చెక్ అంటారు. అందుకని ఎవరు ఎక్కడ నిలబడతారో, ఎన్ని మైకులు కావాలో, ఏ ఆంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) ఎటువైపో ఒక్క పేజీలో బొమ్మ గీసి రెండు రోజుల ముందే సౌండ్ ఇంజనీర్‌కి పంపండి. ఆ ఒక్క కాగితంతో మీ పది నిమిషాలూ ఇరవైలా పనికొస్తాయి.

డ్రమ్స్ సెట్ తరచుగా అందరికీ ఒకటే ఉంటుంది. డ్రమ్మర్ తన స్నేర్ (చిన్న డ్రమ్), సింబల్స్ (లోహపు పళ్లేలు), కిక్ పెడల్ (పెద్ద డ్రమ్‌ని కాలితో కొట్టేది) మాత్రం తెచ్చుకోవాలి. వీటినే బ్రేకబుల్స్ అంటారు. ఒక బ్యాండ్ దిగి ఇంకో బ్యాండ్ ఎక్కడానికి దొరికేది పది, పదిహేను నిమిషాలు. మీ ఆఖరి పాట అవ్వగానే స్టేజి మీద బాసింపట్టు వేసుకుని గిటార్ శబ్దం మార్చే పెడల్స్ ఒక్కొక్కటీ విప్పుకుంటూ కూర్చోకండి. బోర్డు మొత్తం అలాగే ఎత్తుకుని పక్కకి వచ్చి అక్కడ విప్పుకోండి. మళ్లీ పిలుస్తారా లేదా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. బాగా వాయించే బ్యాండ్లు చాలానే ఉన్నాయి. స్టేజి త్వరగా ఖాళీ చేసే బ్యాండ్లే తక్కువ.

ఇక జనం సంగతి. రెండో ఏట ఎనిమిది మంది ముందు వాయించాం. అందులో ముగ్గురు అవతలి బ్యాండ్ వాళ్లు, ఒకరు మా గాయకుడి చెల్లెలు. ఆ ఎనిమిది మందిలో ఒకాయన తర్వాత మా జీవితాన్నే మార్చేశాడని చెప్తే కథ బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. వాయించాం, సామాను ఎక్కించాం, రాత్రి రెండింటికి ఇంటికొచ్చాం, పొద్దున తొమ్మిదింటికి నేను ఆఫీసులో ఉన్నాను. ఇలాంటివి ముప్పై, నలభై వాయించాలి. వాటిలోనే పాటల మధ్య ఖాళీని ఎలా నింపాలో, తీగ తెగితే మిగతా ముగ్గురూ ఏం చేస్తూ ఉండాలో వస్తుంది. రిహార్సల్ గదిలో అది రాదు.

డబ్బు ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది

షో ఒప్పుకునే ముందు మూడు అడగండి. ఇంత అని ఖాయంగా ఇస్తారా, లేక టికెట్ల మీద వాటానా? వాటా అయితే మొత్తం మీదా, ఖర్చులు తీసేసిన తర్వాతా? టీషర్టులు, రికార్డులు అమ్ముకుంటే అందులో హాలు వాళ్లు ఎంత తీసుకుంటారు? మూడింటికీ జవాబులు రాతలో ఉండాలి. మెసేజ్ అయినా చాలు.

ఇది మాకు ఎలా తెలిసిందో చెప్తాను. మూడో ఏట ఒకచోట డెబ్బై శాతం మీకే అన్నారు. హాలు ముప్పావు వంతు నిండింది. మేం మనసులో లెక్కలు వేసేసుకున్నాం. షో అయ్యాక కాగితం చేతికిచ్చారు. సౌండ్ మనిషి, లైట్లు, పోస్టర్లు, తలుపు దగ్గర మనిషి, అన్నీ తీసేస్తే మిగిలింది దాదాపు సున్నా. సున్నాలో డెబ్బై శాతం మాది. కోపంతో ఊగిపోయి ఇంటికొచ్చి పాత మెసేజ్ తీసి చూస్తే అందులో "ఖర్చులు పోను" అని స్పష్టంగానే ఉంది. లెక్కలు రాసి బతికే నేనే దాన్ని సరిగ్గా చదవలేదు. మా వాళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తి ఆటపట్టిస్తారు.

మేం నలుగురమే అయినా వచ్చిన డబ్బు ఐదు వాటాలు చేస్తాం. ఐదోది బ్యాండ్‌ది. మొదటి ఐదేళ్లు మొత్తం ఆ ఐదో మనిషికే ఇచ్చాం, ఎవరూ రూపాయి తీసుకోలేదు. రిహార్సల్ గది అద్దె, రికార్డింగ్, ప్రయాణం, టీషర్టుల ప్రింటింగ్ అన్నీ అందులోంచే. నీలం అట్ట పుస్తకం ఒకటుంది, దాంట్లో తేదీ, ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరి చేత్తో అని నాలుగు గడులు. ఆ నాలుగో గడి ముఖ్యం. "ఆ రోజు పెట్రోల్ నేనే కొట్టించా కదా" అన్న మాట ఏడాది తర్వాత బయటికొస్తే దానికి జవాబుండదు. పుస్తకంలో ఉంటే ఉంది, లేకపోతే లేదు.

ఒక విషయం గమనించండి. బ్యాండ్‌లో చడీచప్పుడు లేకుండా ఎక్కువ ఖర్చు పెట్టేది డ్రమ్మర్. కర్రలు విరుగుతాయి, స్కిన్స్ (డ్రమ్ మీద బిగించే పొరలు) అరుగుతాయి, సింబల్ అంచున వెంట్రుకంత పగులు వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. నా బేస్ తీగలు ఏడాదికి ఒకసారి మారుస్తాను, నిజం చెప్పాలంటే అదీ ఎవరైనా తిడితేనే. ఎవరి వాయిద్యం ఖర్చు వాళ్లదే అన్న నియమం పైకి న్యాయంగానే కనిపిస్తుంది, కానీ భారమంతా ఒక్కడి మీదే పడుతుంది. మేం ఆరో ఏట మార్చుకున్నాం. వాయిద్యం కొనుక్కోవడం ఎవరిది వాళ్లది, షోలకీ రికార్డింగులకీ అరిగేదంతా ఐదో మనిషిది.

స్ట్రీమింగ్ మీద ఆశ పెట్టుకోకండి. ఒక్కసారి వింటే వచ్చేది అమెరికన్ సెంటులో చిన్న ముక్క. పైగా 2024 నుంచి స్పాటిఫైలో గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాట రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. మా పాటల్లో సగం ఆ గీత కిందే ఉన్నాయి. బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ లాంటి సైట్‌లో లెక్క వేరు. డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం, వస్తువుల మీద 10 శాతం వాళ్లది, చెల్లింపు ఛార్జీలు పోగా మిగిలింది మీది. ఒక మనిషి ఆల్బమ్ కొంటే వచ్చేది కొన్ని వేల స్ట్రీములతో సమానం. కాబట్టి స్ట్రీమింగ్‌లో పాటలు ఉంచండి, అడిగినవాళ్లకి వినిపించడానికి పనికొస్తాయి. షోలో మాత్రం బల్ల వేసి టీషర్టులు పెట్టండి, ఆ బల్ల దగ్గర మీలో ఒకరు నిలబడండి. అమ్మేది వేరే మనిషైతే మా దగ్గర సగం కూడా అమ్ముడుపోలేదు. జనం బట్ట కోసం రారు, ఇందాక వాయించినవాళ్లతో రెండు మాటలు మాట్లాడదామని వస్తారు.

రికార్డింగ్ గురించి అందరూ చెప్పే ఆ లెక్క

అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వానా మొదటి ఆల్బమ్‌కి రికార్డింగ్ ఖర్చు 606.17 డాలర్లేనని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. నిజమే. 1989లో వచ్చిన ఆల్బమ్ అది. సియాటిల్‌లో జాక్ ఎండీనో అనే ఇంజనీర్ దగ్గర దాదాపు ముప్పై గంటల్లో ముగించారు. కానీ ఆ కథలో రెండో సగం ఎవరూ చెప్పరు. ఆ డబ్బు కట్టింది జేసన్ ఎవర్‌మన్ అనే గిటారిస్ట్. ఆల్బమ్ మీద అతని పేరు, బొమ్మ ఉన్నాయి. అందులో అతను ఒక్క స్వరం కూడా వాయించలేదు. డబ్బు పెట్టినవాడొకడు, వాయించినవాడొకడు, పేరు ఇద్దరిదీ. నాకు ఈ కథ చవగ్గా రికార్డ్ చేయొచ్చనే దానికంటే ఇందుకే ఎక్కువ గుర్తుంటుంది.

ముప్పై గంటల్లో అవ్వాలంటే స్టూడియోలోకి అడుగు పెట్టేముందే పాట చేతుల్లో ఉండాలి. మా మొదటి ఆల్బమ్‌కి మేం స్టూడియోలో కూర్చుని మూడో పాట బ్రిడ్జ్ (మధ్యలో మారే భాగం) ఎన్ని బార్లు (తాళం ఆవర్తాలు) ఉండాలో వాదించుకున్నాం. గంటకింత అని మీటరు తిరుగుతోంది, ఇంజనీర్ ఫోను చూసుకుంటున్నాడు. రెండో ఆల్బమ్‌కి ఆ తప్పు చెయ్యలేదు. రెండు నెలలపాటు ప్రతి రిహార్సల్ ఫోనులో రికార్డు చేసి, మర్నాడు ఎవరికి వాళ్లు వింటూ ఆఫీసుకెళ్లాం. ఫోను రికార్డింగ్‌లో కూడా పాట నిలబడుతోందంటే అది సిద్ధమైనట్టు. డ్రమ్ స్కిన్స్ ముందురోజే మార్చి కాసేపు వాయించి సర్దుకోనివ్వండి. గిటార్ తీగలూ అంతే, పొద్దున్నే మారిస్తే రోజంతా శ్రుతి జారుతూనే ఉంటుంది.

పాట ఎవరిది

మీ ప్రశ్నలో ఈ మాటే లేదు. నన్నడిగితే మీ నలుగురి మధ్య అన్నిటికంటే ముందు తేలాల్సింది ఇదే.

ఒక పాటకి రెండు హక్కులుంటాయి. పాట కట్టినవాళ్ల హక్కు ఒకటి, అంటే మాటలూ బాణీ. ఆ రికార్డింగ్ మీద హక్కు ఇంకొకటి. డబ్బు రెండు వేర్వేరు దారుల్లో వస్తుంది. రికార్డింగ్ నలుగురిదీ అని మీరు సులువుగానే ఒప్పుకుంటారు. గొడవంతా మొదటిదాంతోనే. గాయకుడు మాటలూ బాణీ తెస్తాడు. గిటారిస్ట్ వాయించిన ఆ నాలుగు బార్ల రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరస) లేకపోతే పాటే లేదు. డ్రమ్మర్ వేగం సగానికి తగ్గించాకే అది పాటలా అయింది. ఇప్పుడు అది ఎవరిది?

మా దగ్గర ఇలా జరిగింది. ఐదో ఏట ఒక చిన్న సినిమా వాళ్లు మా పాట అడిగారు. పాట నమోదు చేయించినప్పుడు ఫారంలో గాయకుడి పేరొక్కటే రాశాం, ఆ రోజు మిగతావాళ్లం ఎవరం అక్కడ లేం, పెద్ద ఆలోచన కూడా లేదు. డబ్బు అతని ఖాతాలోకి వచ్చింది. పెద్ద మొత్తమేం కాదు, ఒక ఆంప్ వచ్చేంత. అతను వెంటనే నలుగురికీ పంచుదామన్నాడు. కానీ ఆ పాటకి రిఫ్ కట్టింది మా అప్పటి గిటారిస్ట్, అతనికి కావాల్సింది వాటా కాదు, పేరు. "నువ్వు పంచితే అది నీ దయ అవుతుంది" అన్నాడు. ఆ ఒక్క మాట మా రిహార్సల్ గదిలో ఎనిమిది నెలలు తిరిగింది. ఎనిమిదో నెల అతను వెళ్లిపోయాడు. ఇప్పుడు కలిస్తే మాట్లాడుకుంటాం, నవ్వుకుంటాం కూడా. మళ్లీ కలిసి వాయించలేదు.

అమెరికాలో ఆర్.ఇ.ఎం. అనే బ్యాండ్ ఈ చిక్కుముడి పడకుండా చూసుకుంది. 1980లో మొదలైంది. పాట ఎవరి బుర్రలో పుట్టినా కింద నలుగురి పేర్లూ రాసేవాళ్లు, డబ్బూ సమానమే. 1997లో డ్రమ్మర్ బిల్ బెర్రీ తప్పుకున్నా మిగతా ముగ్గురూ 2011దాకా కలిసే ఉన్నారు, కొట్టుకోకుండానే ముగించారు. సమానమే సరైన పద్ధతి అని నేననడం లేదు. ఒక్కరే అన్నీ రాసి, మిగతావాళ్లు చెప్పింది వాయించే బ్యాండ్‌లో సమానం అంటే రాసేవాడికి అన్యాయం. మేం ఇప్పుడు మాటలకి సగం, సంగీతానికి సగం అనుకున్నాం. సంగీతం సగాన్ని ఆ పాట కట్టేటప్పుడు గదిలో ఉన్నవాళ్లందరికీ సమానంగా పంచుతాం. మీకు ఏది కుదిరితే అది పెట్టుకోండి. కానీ పాటకి విలువ లేనప్పుడే తేల్చుకోండి. డబ్బు వచ్చాక అడిగితే అది ప్రశ్నలా వినపడదు, అనుమానంలా వినపడుతుంది.

ఒక్క పేజీ రాసుకుంటే చాలు. పాటల వాటాలు, ఐదో మనిషి డబ్బు, ఎవరైనా వెళ్లిపోతే బ్యాండ్ పేరు ఎవరికి మిగులుతుంది, కలిసి కొన్న సామాను ఏమవుతుంది, నలుగురిలో ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ అయితే ఎలా తేలుస్తారు. అంతే. స్నేహితుల మధ్య కాగితాలేంటి అంటారేమో. వాషింగ్టన్ డీసీలో 1980లో ఇయన్ మెకాయ్, జెఫ్ నెల్సన్ మొదలుపెట్టిన డిస్కార్డ్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ బ్యాండ్లతో కాంట్రాక్టులు రాసుకోకుండానే నడిచింది, మాటంటే మాటే. మెకాయ్ బ్యాండ్ ఫుగాజీ టికెట్ 5 డాలర్ల దగ్గర్లోనే ఉంచాలని ఏళ్ల తరబడి పట్టుబట్టింది. కాగితం లేకుండా నడపొచ్చనడానికి అదే పెద్ద ఉదాహరణ, నేను ఒప్పుకుంటాను. కానీ వాళ్లకి కాగితం అక్కర్లేకపోవడానికి కారణం అన్నీ ముందే, పదేపదే మాట్లాడుకోవడం. మొహమాటస్తులకి మాత్రం కాగితం కావాలి. మేం మొహమాటస్తులం.

లేబుల్ (రికార్డు కంపెనీ) వాళ్లు అడ్వాన్స్ ఇస్తామంటే ఏం చేయాలని కూడా ఒక వాక్యంలో అడిగారు. అడ్వాన్స్ అంటే బహుమతి కాదు, మీ రాబడిలోంచి తిరిగి రాబట్టుకునే డబ్బు. రికార్డింగ్ ఇంజనీర్ స్టీవ్ అల్బీనీ 1993లో ఒక వ్యాసంలో ఊహించిన బ్యాండ్‌కి పద్దు వేసి చూపించాడు. అడ్వాన్స్ రెండున్నర లక్షల డాలర్లు. వకీలు, మేనేజర్, స్టూడియో, వీడియో, టూరు ఖర్చులన్నీ పోయాక ఒక్కో సభ్యుడికి మిగిలింది నాలుగు వేల డాలర్ల చిల్లర. అంకెలు పాతబడ్డాయి గానీ ఆ వరస మారలేదు. సంతకం పెట్టేముందు మీ డబ్బుతో మీ వకీలుకి చూపించండి, వాళ్ల వకీలుకి కాదు.

చెవులు

ఇది చిన్నదే గానీ వదిలేయకండి. రిహార్సల్ గదిలో పదేళ్లు హైహ్యాట్ (డ్రమ్స్‌లోని జంట సింబల్స్) పక్కన నిలబడ్డాను. ఇప్పుడు ఎడమ చెవిలో సన్నగా ఈల మోగుతూ ఉంటుంది. పగలు తెలియదు. రాత్రి ఫ్యాన్ ఆపితే వినిపిస్తుంది, అందుకే ఫ్యాన్ ఆపను. అమెరికాలో పనిచేసే చోట ఆరోగ్యం మీద సిఫారసులు చేసే నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు, 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. చిన్న గదిలో డ్రమ్స్ పక్కన వంద దాటడం వింతేం కాదు. మీరు రెండు గంటలు రిహార్సల్ చేస్తారు. సంగీతకారుల కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ ఉంటాయి, అవి పాటని మూసేయకుండా మొత్తం శబ్దాన్ని సమానంగా తగ్గిస్తాయి. ఐదో మనిషి డబ్బుతో మొదట కొనాల్సింది నాలుగు జతలు అవే.

మరి ఉద్యోగం

మా బ్యాండ్‌లో ఒకరు మానేశారు. ఇప్పటి గిటారిస్ట్, ఏడో ఏట. మొదటి మూడు నెలలూ బాగానే ఉంది, రోజూ వాయించాడు, కొత్త పాటలు తెచ్చాడు. తర్వాత దాచుకున్నది తరిగింది. గిటార్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. పిల్లలందరికీ ఖాళీ ఉండేది సాయంత్రాలూ శని ఆదివారాలే. మా రిహార్సళ్లూ షోలూ అప్పుడే. ఉద్యోగంలో ఉన్నప్పుడు వారానికి మూడు రిహార్సళ్లకి వచ్చినవాడు, బ్యాండ్ కోసం ఉద్యోగం మానేశాక ఒక్కదానికి రావడం మొదలైంది. ఇంకో మార్పు కూడా వచ్చింది. ప్రతి షోకీ "ఎంతిస్తారు" అన్నది అతని మొదటి మాట అయింది. తప్పు కాదు, అతని అద్దె దాని మీదే ఉంది. కానీ డబ్బు తక్కువైనా మంచి బ్యాండ్‌తో కలిసి వాయించే అవకాశాలు రెండు మూడు అలా వదులుకున్నాం. పదకొండు నెలలకి మళ్లీ ఉద్యోగంలో చేరాడు. చేరిన వారమే మా పాటల్లో నాకు ఇప్పటికీ బాగా నచ్చే పాట తెచ్చాడు.

కాబట్టి మానడం, మానకపోవడం మధ్యలో ఉన్నదేదైనా చూడండి. నేను ఎనిమిదో ఏట నుంచి వారానికి నాలుగు రోజులే పనిచేస్తున్నాను, జీతం తగ్గించుకుని. శుక్రవారం ఖాళీ అంటే శుక్ర, శని, ఆదివారాల్లో మూడు షోలు కుదురుతాయి. ఏ రోజైనా మానేద్దామనుకుంటే నా కొలత ఇదీ: వరసగా పన్నెండు నెలలు బ్యాండ్ ఖర్చులన్నీ పోగా మీ వాటాకి మీ ఇంటి ఖర్చులో సగమైనా రావాలి, మిగతా సగం ఎక్కడినుంచో తెలిసి ఉండాలి, ఎనిమిది నెలల ఖర్చు చేతిలో ఉండాలి. మీకు ఇరవై ఏళ్లుండి, ఇంట్లో మీ మీద ఆధారపడినవాళ్లెవరూ లేకపోతే ఇంత జాగ్రత్త అక్కర్లేదు, ఒక ఏడాది దూకి చూడండి. మీ ప్రశ్నలో జీతం, ఇంటి అప్పు మాటలు చూసి మీ వయసు అది కాదనుకుంటున్నాను.

డ్రమ్మర్

"ఎలా ఒప్పించాలి" అన్నారు. ఒప్పించకండి, అడగండి. మా మొదటి డ్రమ్మర్‌కి పాప పుట్టాక రిహార్సళ్లకి ఆలస్యంగా రావడం, ఫోను ఎత్తకపోవడం మొదలైంది. అతనికి బ్యాండ్ మీద మనసు పోయిందని మేం ముగ్గురం తీర్మానించుకున్నాం. అతను లేనప్పుడు మాట్లాడుకున్నాం, ఉన్నప్పుడు నవ్వాం. చివరికి అతనే మానేశాడు. రెండేళ్ల తర్వాత ఒక షోకి వచ్చి, సామాను ఎక్కిస్తుంటే ఊడిన హ్యాండిల్ వైపు పట్టుకుంటూ అన్నాడు: "రిహార్సల్ రాత్రి తొమ్మిదికి కాకుండా ఆరుకి పెట్టి ఉంటే నేను ఉండేవాణ్ణిరా. ఎవరైనా అడుగుతారేమోనని చూశాను." అతను కూడా అడగలేదనుకోండి. ఇరువైపులా అదే రోగం.

మీ డ్రమ్మర్ అవుననకపోవడానికి కారణం ఉద్యోగం మానడం ఇష్టం లేకపోవడమే కావచ్చు. బ్యాండ్‌లో ఉండటం ఇష్టం లేకపోవడం వేరు. ఈ రెండింటినీ ఒకే ప్రశ్న చేసి అతని ముందు పెట్టినట్టున్నారు. విడదీసి అడగండి, వాయిద్యాలు చేతిలో లేనప్పుడు, మీరూ గాయకుడూ ముందే మాట్లాడుకుని రాకుండా. అతన్ని ముందు మాట్లాడనివ్వండి.

వ్యాన్ మాత్రం కొనకండి. ఏడాదికి ముప్పై షోలు దాటేదాకా అద్దెదే చవక, చెడిపోతే బాధ వాళ్లది. మేం తొమ్మిదో ఏట ఒకటి కొన్నాం. నాలుగేళ్లలో అది మమ్మల్ని మోసినదానికంటే మేం దాన్ని తోసిందే ఎక్కువ. కొనాలని మరీ మనసైతే ముందు వెనక తలుపు వెడల్పు కొలవండి. మాది కొన్నాక తెలిసింది, బేస్ క్యాబినెట్ నిలువుగా పట్టదు.